మా ఊరి సీడెడ్ కాలేజీ

పెద్ద హీరో సినిమా రిలీజైన మర్నాడు మన ఆఫీసుల్లో లంచ్ టేబుల్ దగ్గర జరిగే చర్చ మీకు తెలిసిందే. నైజాం ఎంత, సీడెడ్ ఎంత, ఉత్తరాంధ్ర ఎంత... ఇలాంటి చర్చలోనే ఓసారి మా టీంలోని ఒక ఉత్తరాది కుర్రాడు "ఈ సీడెడ్ అనేది ఏ ఊరు?" అనడిగాడు. "మా ఊరే" అన్నా. "అంటే విత్తనాలు బాగా పండిస్తారా?" అన్నాడు. శెనక్కాయల జిల్లావాడిని కాబట్టి కాదనడానికి కూడా మనసొప్పలేదు :)

సీడెడ్ అంటే విత్తనం కాదండీ, 'ఇచ్చేసినది' అని. మైసూరు యుద్ధాల్లో టిప్పు సుల్తాన్ దగ్గర్నుంచి వాటాగా వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల్ని, కర్నూలు వైపు కొంత భాగాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఎందుకయ్యా అంటే, తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద. మన భాషలో చెప్పాలంటే, వెండరుకి బిల్లు కట్టే బదులు క్లయింటు ఒక బిజినెస్ యూనిట్‌నే అప్పజెప్పెయ్యడం. అందులో ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషులో దానికి సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని పేరు పెట్టారు, తెలుగులో దత్త మండలాలు అన్నారు. ఆ పేరే వందేళ్ళు దాటినా నడిచింది. సినిమా వాళ్ళ లెక్కల్లో అయితే ఇప్పటికీ నడుస్తోంది.

సరే, అసలు విషయానికొస్తా. నేను చెప్పాలనుకున్నది సినిమాల గురించి కాదు. ఇదే పేరుతో మొదలైన ఒక ప్రభుత్వ కాలేజీ గురించి. ఇప్పుడు దాన్ని అనంతపురం ఆర్ట్స్ కాలేజీ అంటున్నాం.

ఈ గొడవ మొదలైంది మా చిన్నమ్మ కొడుకు వల్ల. ఎంసెట్ (ఇప్పుడు పేరు మారి ఈఏపీసెట్ అయ్యిందిలెండి) రాశాడు. ర్యాంకు చెప్పుకునేలా లేదు. ఫోన్ చేసి "అన్నా, దూరంగా ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చేలా ఉంది. లేకుంటే ఇక్కడే ఆర్ట్స్ కాలేజీలో బి.ఎస్సీ. కంప్యూటర్స్ చేరమంటాండాడు మా సారు. యాడ చేరమంటావ్?" అనడిగాడు. నేను మీటింగుకి రెండు నిమిషాల ముందున్నా. "ఆర్ట్స్ కాలేజీ ఏంట్రా, ఇంజనీరింగే చెయ్" అనేసి పెట్టేశా.

పక్క సోఫాలో కూర్చున్న మా నాయన ఏమీ అనలేదు. పేపరు మడిచి లోపలికెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయనే కదిలించాడు. "ఆ కాలేజీ లేకుంటే నేను ఇప్పటికీ శెనిక్కాయ చేన్లోనే ఉండేవాణ్ణి. నువ్వు కూడా" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

నిజమే. మా నాయన పల్లెనుంచొచ్చి, ప్రభుత్వ హాస్టల్లో ఉండి, ఆ కాలేజీలో 1980ల్లో బి.ఎస్సీ. ఎం.పి.సి. చదివాడు. తర్వాత బి.ఇడి., సర్కారు బళ్ళో ఉద్యోగం. ఆ జీతంతో నా ఇంజనీరింగ్. ఆ ఇంజనీరింగ్‌తో ఈ ఉద్యోగం. ఈ గొలుసులో మొదటి లింకుని నేను రెండు నిమిషాల్లో తీసిపారేశా. ఆ సిగ్గుతోనే దాని చరిత్ర కొంత వెతికి చదివా. చదివాక నాకు తెలిసిన ఆర్ట్స్ కాలేజీ అంటే టవర్ క్లాక్ దగ్గర ఒక బస్టాపు, ఎన్నికల సభలు జరిగే ఒక మైదానం మాత్రమేనని అర్థమైంది.

ముందు ఊరి సంగతి. అనంతపురం 1882లో బళ్ళారి జిల్లానుంచి విడిపోయి జిల్లా అయ్యింది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యం వానలు కోస్తా దాటి మాదాకా వచ్చేసరికి నీరసిస్తాయి. రెండు ఋతుపవనాలకీ చివరి బెంచీ మాదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అన్నీ కలిసొస్తే. జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పుడు బళ్ళో మాకు గర్వంగానో బాధగానో చెప్పేవాళ్ళు. 1876-78 మధ్య వచ్చిన ధాత కరువు ఈ సీమని ఊడ్చేసింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు కూడా గడవకముందే, 1916లో, మద్రాసు ప్రభుత్వం అనంతపురంలో ఒక కాలేజీ తెరిచింది. పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. అంటే గేటు మీదే 'మీరు ఇచ్చివేయబడిన వారు' అని రాసిపెట్టినట్టు!

ఈ కాలేజీ గొప్ప ఏమిటని అనంతపురంలో ఎవర్నడిగినా ఇద్దరు రాష్ట్రపతుల పేర్లు చెప్తారు. ఒకరు సర్వేపల్లి రాధాకృష్ణన్. కాలేజీ మొదటి రోజుల్లో కొద్దికాలం ఇక్కడ పాఠం చెప్పారు. ఆ తర్వాత రాజమండ్రి, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్... ఆ కథ అందరికీ తెలుసు. రెండోవారు నీలం సంజీవరెడ్డి. మా జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టారు. మద్రాసు అడయారులో హైస్కూలు చదివి ఈ కాలేజీలో చేరారు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చి వెళ్ళాక ఆయన మనసు చదువు మీద నిలవలేదు. 1931లో కాలేజీ మానేసి ఉద్యమంలోకి వెళ్ళిపోయారు. 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి.

గొప్పే, కాదనను. కానీ ఆలోచించండి. ఒకాయన బదిలీ మీద వచ్చి వెళ్ళిపోయారు. ఇంకొకాయన డిగ్రీ పూర్తికాకుండానే వెళ్ళిపోయారు. ఈ ఇద్దరూ కాలేజీని దాటి వెళ్ళినవాళ్ళు. ఉండిపోయి పనిచేసిన మనిషి ఇంకొకాయన ఉన్నారు. ఆయన పేరు మా నాయనకి తెలుసు, నాకు తెలీదు. చిలుకూరి నారాయణరావు.

ఈయన మా సీమవాడు కాదు. 1889లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో పుట్టారు. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పడానికొచ్చారు. ఇక్కడ పనిచేస్తూనే రాసినవి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఖురాన్‌ని తెలుగులోకి మొదట అనువదించింది ఈయనే, 1925లో అచ్చయ్యింది. 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' వచ్చింది. తెలుగు ద్రావిడ భాష కాదు, సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చిందని అందులో వాదించారు. ఆ వాదన నిలబడలేదు. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. కానీ ఆ పుస్తకంలో పోగేసిన సరుకు కోసం తర్వాతి తరాలవాళ్ళు దాన్ని తెరవక తప్పలేదు. తప్పు సిద్ధాంతం, మంచి డేటా. మన ఫీల్డులో ఇలాంటివి మనం చూడలేదా ఏంటి?

ఇక అసలు సంగతి. 1928 నవంబరు 17, 18 తేదీల్లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? అనంతపురంలో ఒకప్పుడు పాఠం చెప్పివెళ్ళిన రాధాకృష్ణనే. ఆ సందర్భంలోనే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సభ కూడా జరిగింది. అందులో చిలుకూరి నారాయణరావు లేచి, ఈ సీడెడ్, దత్త అనే మాటలు మనకొద్దు, రాయలు ఏలిన నేల కాబట్టి 'రాయలసీమ' అందాం అని ప్రతిపాదించారు. సభ ఒప్పుకుంది. ఈ పేరు పెట్టింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలాకాలం రాశారు, ఇప్పటికీ కొందరు రాస్తారు. ఆనాటి పత్రికల వార్తలు తిరగేసిన పరిశోధకులు మాత్రం చిలుకూరి వారిదే అంటారు. నాకూ అదే సబబనిపిస్తోంది.

చూడండి ఎంత చిత్రమో. సీడెడ్ అనే పేరున్న కాలేజీలో, సర్కారు జీతం తీసుకుంటూ, కోస్తా నుంచొచ్చిన ఒక తెలుగు పంతులు ఆ పేరునే చెరిపేసి ఈ ప్రాంతానికి సొంత పేరు పెట్టాడు. రాయలు అంటే విజయనగర రాయలు. 1565 యుద్ధం తర్వాత వాళ్ళ రాజధాని కొంతకాలం మా పెనుకొండే. 1800లో ఎవరో ఎవరికో బాకీ కింద ఇచ్చిన నేల అన్న గుర్తింపు పోయి, అంతకుముందునుంచే చరిత్ర ఉన్న నేల అన్న గుర్తింపు వచ్చింది. పాత కోడులో ఎవడో పెట్టిన వేరియబుల్ పేరు మార్చాలంటేనే మనకి ప్రాణం మీదికొస్తుంది. ఆయన నాలుగు జిల్లాల పేరు మార్చారు, ప్రొడక్షన్‌లో.

పేరు మారినంత మాత్రాన వానలు పడవు కదా. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది. అది వాల్తేరులో స్థిరపడేసరికి సీమ కాలేజీలు మాకంత దూరం వద్దని మద్రాసు యూనివర్సిటీతోనే ఉండిపోయాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, సీమ నాయకులు రాసుకున్న ఒప్పందం అది. నీళ్ళ గురించి, రాజధాని, హైకోర్టు గురించి మనకి తెలుసు. కానీ అందులో ఉన్న మరో షరతు ఎవరూ గుర్తుచెయ్యరు: యూనివర్సిటీకి రెండు కేంద్రాలుండాలి, ఒకటి వాల్తేరులో, రెండోది అనంతపురంలో. అనంతపురమే ఎందుకని రాశారో ఆలోచిస్తే నాకు తోచిన జవాబు ఒకటే. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఈ కాలేజీ అక్కడుంది కాబట్టి.

మరి ఆ షరతు ఏమైంది? 1954లో సీమ యూనివర్సిటీ తిరుపతిలో వచ్చింది. దాని పి.జి. సెంటరు ఒకటి 1968లో అనంతపురానికొచ్చింది. అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయ్యింది 1981లో. కాగితం మీద రాసుకున్న నలభై నాలుగేళ్ళకి డెలివరీ! మన ప్రాజెక్టుల ఆలస్యం గురించి క్లయింటు తిట్టినప్పుడల్లా దీన్ని తల్చుకోవచ్చు. మధ్యలో ఒక మంచిపని జరిగింది. 1946లో మద్రాసు ప్రభుత్వం అనంతపురానికని ఒక ఇంజనీరింగ్ కాలేజీ మంజూరు చేసి, ముందు గిండీలో క్లాసులు నడిపి, 1948లో ఇక్కడికి తరలించింది. ఇవాళ్టి జె.ఎన్.టి.యు. అనంతపురం మూలం అదే. 2018లో సెంట్రల్ యూనివర్సిటీ కూడా వచ్చింది. నీళ్ళు లేని ఊరికి చదువులు మాత్రం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వీటన్నిటికంటే ముందున్నది ఆ 1916 కాలేజీ. దాని పై యూనివర్సిటీ మద్రాసు, తిరుపతి, శ్రీకృష్ణదేవరాయ అని మారుతూ పోయింది గానీ, అది మాత్రం టవర్ క్లాక్ దగ్గర్నుంచి కదల్లేదు.

ఇక అక్కడ ఏం చెప్తారన్న సంగతి. ఆర్ట్స్ కాలేజీ అనగానే నాలాగా మీరూ చరిత్ర, ఎకనామిక్స్ మాత్రమే అనుకుంటారేమో. మద్రాసు రోజుల్లో వైద్యం, లా, ఇంజనీరింగ్ లాంటి వృత్తి చదువులు కానివన్నీ ఆర్ట్స్ కాలేజీ కిందికే వచ్చేవి. లెక్కలు, ఫిజిక్సు కూడా. ఆ పాత వాడుకే పేరులో మిగిలిపోయింది. మా నాయన చదివినప్పుడు బి.ఎస్సీ. అంటే మూడు సబ్జెక్టులు, ఏడాదికోసారి పరీక్ష. 2015-16 నుంచి రాష్ట్రమంతా సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2020-21లో ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి చేశారు, అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ వచ్చింది. కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది కాబట్టి పరీక్షలు తనే పెట్టుకుంటుంది, సిలబస్‌లో తను మార్పులు చేసుకోవచ్చు.

ఎనిమిదేళ్ళలో ఇన్ని రిలీజులు! పల్లెనుంచొచ్చిన పిల్లవాడు వీటన్నిటినీ ఎలా అర్థం చేసుకుంటాడో నాకు తెలీదు. తెలుగు భాష చరిత్ర రాసిన పంతులు పాఠం చెప్పిన చోట, తెలుగు మీడియంలో ఇంటర్ చదివొచ్చినవాడు మొదటి సెమిస్టరులో నోరు విప్పడానికే భయపడితే ఆ తప్పు ఎవరిది? ఇంగ్లీషు వద్దనడం లేదు. ఇంగ్లీషు అన్నం పెడుతున్నవాణ్ణే నేను. ఆ మెట్టు ఎక్కడానికి ఒక ఏడాది ఆసరా ఇవ్వొచ్చు కదా అంటున్నా.

అమెరికాలో ఉన్న మిత్రులకి కమ్యూనిటీ కాలేజీలు తెలుసు. ఇలినాయిలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ నుంచి ఆ కథ నడుస్తోంది. ఇంటి దగ్గర, తక్కువ ఫీజుకి రెండేళ్ళు చదువుకో, తర్వాత కావాలంటే యూనివర్సిటీకి మారు అనే పద్ధతి. మన కొలీగ్స్‌లో అలా చదివి వచ్చిన తెల్లవాళ్ళని, మెక్సికన్లని చూసి "ఎంత మంచి సిస్టమో" అని మెచ్చుకుంటాం. అదే పని మన ఊళ్ళో వందేళ్ళుగా చేస్తున్న కాలేజీని మాత్రం "ఆర్ట్స్ కాలేజీ ఏంట్రా" అంటాం.

మనవాళ్ళకి ఆ చిన్నచూపు ఊరికే రాలేదు. 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఊరికో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేద పిల్లలు కూడా అక్కడ చేరగలిగారు. అది మంచిదే. ఎంతోమంది రైతు కూలీల పిల్లలు దానివల్లే మన పక్క సీట్లో కూర్చున్నారు. అయితే దాని నీడలో ఇంకోటి కూడా జరిగింది. సర్కారు తన డబ్బుని ప్రైవేటు కాలేజీలకి ఫీజుల రూపంలో కడుతూ, తన సొంత డిగ్రీ కాలేజీల్లో ఖాళీ పోస్టులు నింపడానికి మాత్రం వెనకాడింది. అందరూ ఇంజనీరింగ్‌కి పోతే ఇక్కడ మిగిలేది ఎవరు? మరీ దిక్కులేనివాళ్ళు. దిక్కులేనివాళ్ళ కాలేజీ గురించి అడిగేవాళ్ళుండరు.

నేను చదివిన ప్రైవేటు కాలేజీ పేరు వద్దులెండి. ల్యాబులో సగం సిస్టమ్స్ ఆన్ అయ్యేవి కావు, నాలుగేళ్ళలో నాకు నిజంగా పాఠం చెప్పినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. నాకు ఉద్యోగం వచ్చింది కాలేజీ వల్ల కాదు, బెంగుళూరులో రూమ్మేట్స్ వల్ల. మీలో చాలామందిదీ ఇదే కథ అని పందెం కడతా. అలాంటప్పుడు ఆ పిల్లవాడికి నేను ఏ అనుభవంతో సలహా ఇచ్చినట్టు?

బి.ఎస్సీ. చేస్తే మన రంగంలో దారి లేదా అంటే, ఉంది. విప్రో 1995లోనే బి.ఎస్సీ. వాళ్ళని తీసుకుని, జీతమిస్తూ, బిట్స్ పిలానీతో కలిసి పై చదువు చదివించే పథకం మొదలుపెట్టింది. లెక్కలతో బి.ఎస్సీ. చేసినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. ఐసెట్ రాసి ఎం.సి.ఎ. చెయ్యొచ్చు. ఇవన్నీ మనకి తెలుసు. మా చిన్నమ్మ కొడుక్కి తెలీదు. చెప్పాల్సిన నేను మీటింగుకి వెళ్ళిపోయా.

తర్వాత ఏమైందంటారా? వాడు నా మాటే విన్నాడు. దూరంగా ఆ ఇంజనీరింగ్ కాలేజీలోనే చేరాడు. ఫీజు ప్రభుత్వం కట్టినా హాస్టలు, బస్సు, పుస్తకాలు మా చిన్నాయన ఆరెకరాల శెనక్కాయ మీదే. ఈ ఏడు పంట సంగతి ఫోన్లో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. వాడు బాగుపడొచ్చు, నాకంటే బాగా సంపాదించొచ్చు. అలాగే జరగాలని కోరుకుంటున్నా. కానీ వాడికి నేను రెండు దారులూ చూపించలేదు, ఒకటే చూపించా. అది నా తప్పే.

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు మా నాయన్ని బండెక్కించుకుని ఆ కాలేజీకి వెళ్ళా. సెలవులు కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. మా నాయన "ఈడ చదువుకున్నాణప్పా, లోపలికి పోయి చూసొస్తా" అన్నాడు. వాచ్‌మన్ "ఈడ చదివినోళ్ళు ఎవురూ మళ్ళా రారు సార్, రాండి" అని గేటు తీశాడు. మా నాయన తను కూర్చున్న క్లాసురూము కిటికీలోంచి చాలాసేపు చూశాడు. నేను మాత్రం చిలుకూరి నారాయణరావు ఏ గదిలో పాఠం చెప్పుంటారా అని వెతుకుతున్నా. చెప్పేవాళ్ళు లేరు.

మనలో చాలామందిమి ఏటా మనం చదివిన ఇంజనీరింగ్ కాలేజీలకెళ్ళి గెస్ట్ లెక్చర్లు ఇస్తాం, సెల్ఫీలు పెడతాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి గవర్నమెంటు డిగ్రీ కాలేజీకి ఓ గంట వెళ్ళిరండి. పైన చెప్పిన ఆ దారులన్నీ బోర్డు మీద రాసి చూపించినా చాలు. నేను వేసవిలో వెళ్దామని ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాస్తున్నా. తెలుగులోనే రాస్తున్నా.

అన్నట్టు, మీలో ఎవరైనా ఆర్ట్స్ కాలేజీలో చదివుంటే, లేదా మీ ఇంట్లో ఎవరైనా చదివుంటే, ఆ కబుర్లు చెప్పండి. మా నాయనకి చదివి వినిపిస్తా.